రిజిస్టరు పేరు, పిలుపు పేరు: ఉద్దానం పాఠశాలలో ఒక విద్యార్థి కేసు

రికార్డుల్లో ఆడపిల్లగా నమోదై, తాను అబ్బాయినని చెప్పిన ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి విషయంలో మా పాఠశాల ఏమి చేసిందో, ఏమి చేయలేదో, ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 2023-24, 2024-25 విద్యా సంవత్సరాల్లో ఇది నడిచింది. అప్పుడు అక్కడ ప్రధానోపాధ్యాయినిని నేనే. ఆ విద్యార్థీ, తల్లీ ఈ రాతను చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. విద్యార్థిని వాసు అని పిలుస్తాను. అది అతని రికార్డు పేరు కాదు, అతను కోరుకున్న పేరూ కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రిజిస్టరులో ఉన్న పేరునూ లింగాన్నీ మార్చే అధికారం ప్రధానోపాధ్యాయులకు లేదు. దానికి చట్టం ఉంది, మైనరు విషయంలో తల్లిదండ్రులు ఉన్నారు. కానీ తరగతిలో ఏమని పిలవాలి, ప్రార్థనలో ఏ వరుసలో నిలబెట్టాలి, మరుగుదొడ్డికి ఎటు పంపాలి అన్నవి బడి రోజూ తనంతట తానే తేల్చుకునే సంగతులు. వాటికి ఇంతవరకు ఏ పిల్లవాడి విషయంలోనూ ఎవరి సంతకమూ అడగలేదు. ఈ రెండింటినీ ఒకే మూట కట్టి, ఇంటి నుంచి సంతకం వస్తే తప్ప ఏమీ చేయలేమని మనం చేతులు కట్టుకుంటే, ఆ లోపల నలిగిపోయేది పిల్లలే.

నీళ్ల సీసా

2023 జూలైలో వాసు తల్లి ఆఫీసు గదికి వచ్చారు. పలాస జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీది పొట్టు తీసే పని ఆమెది. కిలోల లెక్కన కూలి, పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే. అయినా పని మానుకొని వచ్చారు. "మేడమ్, పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వస్తోంది. మూత్రంలో మంట అంటోంది. నాకు భయంగా ఉంది" అన్నారు.

బయటివారికి ఇది చిన్న ఫిర్యాదుగా కనిపించవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పెరిగినవారికి అలా అనిపించదు. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఈ కొబ్బరితోటల మధ్య మనుషులను తినేస్తోంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం అదే ఏడాది డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మా పిల్లల్లో తాతకో మేనమామకో డయాలసిస్ జరుగుతున్న ఇళ్లు తక్కువేమీ కాదు. అలాంటి చోట పిల్ల నీళ్లు తాగడం లేదంటే ఏ తల్లి గుండె అయినా జారుతుంది. ఈ కేసులో మొదటి నుంచి చివరి వరకు నాకు దారి చూపింది ఆ తల్లి భయమే. లింగం, గుర్తింపు, హక్కులు అనే మాటలు తరువాత వచ్చాయి. ముందు వచ్చింది ఆరోగ్యం.

బడిలో ఆడపిల్ల నీళ్లు మానేసిందంటే వెదకవలసిన కారణాలు చాలా ఉన్నాయి. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోవచ్చు, గడియ ఊడిపోయి ఉండవచ్చు, నెలసరి ఇబ్బంది కావచ్చు, దారిలో అబ్బాయిలు ఏడిపిస్తూ ఉండవచ్చు. అన్నిటికంటే ముందు అడగవలసింది, ఎవరైనా ఆ పిల్ల ఒంటి మీద చేయి వేశారా అని. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం అలాంటిది తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే లింగం సంగతి ఊహల్లోకి కూడా రాకముందు మేము ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాం. వాసు నమ్మకం పెట్టుకున్న జీవశాస్త్రం టీచరుకు ఆ పని అప్పగించాను. ఊరి ఏఎన్ఎం ద్వారా మూత్ర పరీక్ష చేయించి ఇన్ఫెక్షనుకు మందులు ఇప్పించాం.

వేధింపు లేదని తేలింది. కొన్ని వారాల తరువాత, తరగతి అయిపోయాక ప్రయోగశాలలో పరికరాలు సర్దుతూ వాసు ఆ టీచరుతో చెప్పాడు: "టీచర్, నేను అమ్మాయిల వైపు వెళ్లలేను. అబ్బాయిల వైపు వెళ్లనివ్వరు. అందుకే నీళ్లు తాగను."

వాసు చెప్పింది

అయిదో తరగతి దాకా ఊళ్లో అతన్ని మగరాయుడు అనేవారు. అందులో తిట్టు లేదు, మురిపెమే ఉంది. చెట్లెక్కేవాడు, అబ్బాయిలతో క్రికెట్ ఆడేవాడు. ఏడో తరగతి చివర్లో పెద్దమనిషి అయినప్పుడు అందరిలాగే వేడుక చేశారు. లంగా ఓణీలో ఉన్న ఫొటోతో, పూర్తి పేరుతో, కూడలిలో ఫ్లెక్సీ కట్టారు. తండ్రి హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసి కూడబెట్టిన డబ్బు దానికి ఖర్చయింది. ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగిపోయేదాకా ఆ దారిన నడవలేదని వాసు చెప్పాడు. కుటుంబం ప్రేమతో చేసిన పనే అది. దాని కిందే ఆ పిల్లవాడికి ఊపిరి ఆడలేదు. ఈ రెండూ ఏకకాలంలో నిజమని ఒప్పుకోకుండా ఇలాంటి కేసును పట్టుకోవడం కష్టం. తల్లిదండ్రులను శత్రువులుగా చూసినా, పిల్లవాడిది పైత్యమని కొట్టిపారేసినా అక్కడికక్కడే దారి తప్పుతాం.

ఎనిమిదో తరగతి సెలవుల్లో సింహాచలంలో తలనీలాలు ఇస్తానని వాసు తానే మొక్కుకున్నాడు. జుట్టు పొట్టిగా ఉండటానికి ఊరంతా ఒప్పుకునే కారణం అది. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఎంత ఆలోచించి ఉంటే ఆ మార్గం తడుతుంది!

ఆ రోజు టీచరు అతనితో మూడు మాటలు చెప్పారు. మేమిద్దరం ముందే అనుకున్నవే అవి. నీ మాటను నీ అనుమతి లేకుండా ఇంటికి చేర్చం. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఆ రోజే మీ అమ్మకు చెబుతాం, చెప్పే ముందు నీతో అంటాం. మీ అమ్మ నేరుగా అడిగితే మేము అబద్ధం ఆడం. ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. రహస్యం కాపాడతామని చెప్పి, తల్లి ఎదుట అబద్ధం చెప్పవలసిన పరిస్థితి తెచ్చుకుంటే రేపు ఆ తల్లి బడిని ఎప్పటికీ నమ్మదు. ఆమె నమ్మకం లేకుండా ఆ పిల్లవాడికి మనం చేయగలిగింది చాలా తక్కువ.

చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా టీచరు సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరు ఉపాధ్యాయులు భయపడతారు. అడగకపోవడమే ప్రమాదం. దిగులు ఉంది, అంతదూరం ఆలోచన లేదని తేలింది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటు పుస్తకం చివరి పేజీలో రాసి ఇచ్చారు.

ఉపాధ్యాయుల గదిలో

వాసు అనుమతితో, అతనికి పాఠం చెప్పే ఉపాధ్యాయులతో మాత్రమే మాట్లాడాను. ఆ చర్చ తేలిగ్గా సాగలేదు. సాగకూడదు కూడా.

సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు అడిగింది ఇది: "రేపు ఆ తండ్రి వచ్చి, నా కూతురిని మగ పేరుతో పిలవడానికి మీరెవరు అని నిలదీస్తే ఏమి సమాధానం చెబుతాం?" ఆయన చెడ్డ మనసుతో అడగలేదు. ఇద్దరు కూతుళ్ల తండ్రి. తన పిల్లల గురించి బడికి తెలిసింది తనకు తెలియకపోతే ఎలా ఉంటుందో ఊహించుకొని అడిగారు. ఆ ప్రశ్నకు బరువుంది.

కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరు విదేశాల సంగతి ఎత్తారు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం 2023లో తన 713వ విధానాన్ని మార్చి, పదహారేళ్లలోపు పిల్లలను బడిలో వారు కోరిన పేరుతో పిలవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంది. అదే ఏడాది అక్టోబరులో సస్కాచ్వాన్ రాష్ట్రం అలాంటి నిబంధననే చట్టంగా చేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా 2024 జూలైలో దానికి ఎదురు దిశలో నడిచి, పిల్లల అనుమతి లేకుండా వారి లింగ గుర్తింపును ఇంటికి చెప్పి తీరాలని ఉపాధ్యాయులను బలవంతపెట్టే నిబంధనలను నిషేధించింది. మేము మాట్లాడుకునేనాటికి ఈ కాలిఫోర్నియా చట్టం ఇంకా రాలేదు, మరుసటి ఏడాది చదివాం. అక్కడి వాదన మొత్తం తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అన్న ఒక్క చోట బిగుసుకుంది. మా ఊరి ఇళ్లకు ఆ ప్రశ్న అలాగే అతకదు. తండ్రి హైదరాబాదులో, తల్లి పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే తిరిగి వస్తుంది, ఇంట్లో పిల్లను చూసుకునేది నాయనమ్మ, ఫోను ఉండేది చిన్నాన్న చేతిలో. బడి నుంచి ఇంటికి కబురు పంపితే అది మొదట చేరేది చిన్నాన్నకు. అందుకే నేను అడిగిన ప్రశ్న వేరు: ఎవరు చెప్పాలి, ఎవరికి ముందు చెప్పాలి, చెప్పేనాటికి ఆ మనిషి వినే స్థితిలో ఉండేలా మనం ఏమి చేయాలి?

చట్టం సంగతి వారికి ఇలా చెప్పాను. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో, తన లింగమేదో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేనని, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టకూడదని తీర్పు ఇచ్చింది. 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం విద్యాసంస్థల్లో వివక్షను నిషేధించింది. 13వ సెక్షను ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా చదువులోనూ ఆటల్లోనూ ఈ పిల్లలను కలుపుకొని పోవాలి. అదే చట్టం 5వ సెక్షనులో, గుర్తింపు పత్రం కోసం కలెక్టరుకు దరఖాస్తు చేసేది మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలంది. ఈ కేసు నడిచిన కాలంలో ఉన్న చట్టం ఇది. చదివేవారు తమ కాలానికి సరిచూసుకోవాలి.

అంటే బడి వివక్ష చూపకూడదన్నది ఈ రోజు నుంచే మన బాధ్యత. కాగితం మార్చడం మాత్రం తల్లిదండ్రుల ద్వారా జరగాలి. మొదటిదానికి చట్టం తల్లిదండ్రుల సమ్మతిని షరతుగా పెట్టలేదు.

ఉపాధ్యాయులకు పనికొచ్చే కరదీపిక ఏదైనా ఉందా అని ఒకరు అడిగారు. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఒక శిక్షణ పుస్తకం తెచ్చింది. అభ్యంతరాలు రాగానే కొద్ది రోజుల్లోనే వెబ్‌సైటు నుంచి తీసేశారు. ఆ తీసివేత నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. పై నుంచి మార్గదర్శకం లేని చోట ప్రతి ప్రధానోపాధ్యాయుడూ తన స్వభావాన్ని బట్టి నిర్ణయిస్తాడు. పిల్లవాడి అదృష్టం ఆ మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు.

చేసిన మార్పులు

హాజరు పట్టీలో పేరు ముట్టుకోలేదు. హాజరు మాత్రం ఆ తరగతి మొత్తానికి నంబర్లతో పిలవడం మొదలుపెట్టాం. మా చిన్నప్పుడు బడుల్లో అలాగే పిలిచేవారు, ఎవరికీ వింతగా తోచలేదు. వాసు రికార్డు పేరు ఒక అమ్మవారి పేరు. ఆ తరగతిలో అదే పేరున్న పిల్లలు మరో ఇద్దరు ఉన్నారు, వారిని ఎప్పటి నుంచో ఇంటిపేర్లతోనే పిలుస్తున్నారు. ఉపాధ్యాయులు వాసును కూడా ఇంటిపేరుతో పిలవడం మొదలుపెట్టారు. తన స్నేహితులు పిలిచే పేరుతో పిలవమని జీవశాస్త్రం, లెక్కల టీచర్లను వాసు అడిగాడు. వారిద్దరూ పిలిచారు. సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు ఇంటిపేరు దగ్గరే ఆగారు. నేను బలవంతం చేయలేదు. వెక్కిరింపు, పనిగట్టుకొని పాత పేరును నొక్కి పలకడం మాత్రం కుదరదని చెప్పాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

ఎదురుగా మాట్లాడేటప్పుడు పెద్ద చిక్కు రాలేదు. ఆడపిల్లలను 'అమ్మా' అనే అలవాటున్న లెక్కల టీచరు వాసును 'నాన్నా' అని పిలవసాగారు. మన ఇళ్లలో ఆ పిలుపు కొడుక్కీ కూతురికీ చెల్లుతుంది కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. నిజానికి పిల్లల నుంచి నాకు వచ్చిన ఇబ్బంది చాలా తక్కువ. ఇద్దరు అబ్బాయిలు ఒకటి రెండుసార్లు చెడ్డ మాట అన్నారు. విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే ఆగిపోయింది.

మరుగుదొడ్డి విషయమే ముఖ్యం. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనుల్లో కట్టిన, ప్రత్యేక అవసరాలున్న పిల్లల మరుగుదొడ్డి మా బడిలో తాళం వేసి ఉండేది. తాళం తీయించి, గడియ బాగు చేయించి, నీటి గొట్టం పెట్టించాం. ఒంట్లో బాగాలేనివారు, కాలు నొప్పి ఉన్నవారు, మరే కారణం చేతనైనా విడిగా వెళ్లాలనుకునేవారు ఎవరైనా వాడుకోవచ్చని ప్రార్థన సమావేశంలో ప్రకటించాం. నెలసరి రోజుల్లో చాలామంది ఆడపిల్లలు అటే వెళ్లసాగారు. వాసు వెళ్తే ప్రత్యేకంగా కనబడే పరిస్థితి లేకుండా పోయింది. సీసా ఖాళీ అవడం మొదలైంది. ఆ నెలలోనే తల్లి ఫోను చేసి, "ఇప్పుడు తాగుతోంది మేడమ్" అన్నారు. ఎందుకు తాగలేదో ఆమె అడగలేదు. అడిగి ఉంటే, కారణం ఉందని, అది పిల్ల నోటి నుంచే వినడం మంచిదని చెప్పేదాన్ని.

యూనిఫాం విషయంలో ఆగాం. ఒంటి మీద బట్ట మారితే సాయంత్రం ఇంటికి అదే బట్టతో వెళ్తాడు. ఇంటికి తెలియకుండా బడిలో ఒక బట్ట, బయట ఒక బట్ట అనే ఏర్పాటుకు నేను ఒప్పుకోలేదు. వాసుకు కోపం వచ్చింది. కారణం చెప్పాను. అప్పటికి ఒప్పుకోలేదు. ప్రోగ్రెస్ కార్డు మీద, ఇంటికి వెళ్లే ప్రతి కాగితం మీద రికార్డు పేరే ఉంటుందని కూడా ముందే చెప్పాను. ఏది మారుతుందో, ఏది మారదో పిల్లలకు మొదటి రోజే తెలియాలి. ఆశ పెట్టి తరువాత వెనక్కి తగ్గితే ఎక్కువ గాయపడతారు.

ఇంటికి చెప్పడం

నవంబరులో వాసు నోటు పుస్తకం మీద వేరే పేరు చూసి, వరుసకు అన్న అయ్యే అబ్బాయి ఇంట్లో ఏదో అన్నాడు. ఇక ఆలస్యం చేస్తే చిన్నాన్న నోటి నుంచి తల్లికి తెలుస్తుందని వాసుకు అర్థమైంది. తానే చెబుతానన్నాడు, బడిలో చెబుతానన్నాడు, టీచరు పక్కన ఉండాలన్నాడు. తల్లిని రమ్మని పిలిచాం. కూలి పోకుండా ఆదివారం పూట పెట్టుకున్నాం.

తల్లి చాలాసేపు ఏడ్చారు. ఆ ఏడుపులో మేము ఊహించిన మాటలేవీ రాలేదు. లోకం ఏమంటుందో, పెళ్లి ఎలా అవుతుందో అన్నవి ఆ తరువాత వచ్చాయి. ముందు వచ్చిన మాట: "పుట్టిన బిడ్డ పోయాక, అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. అమ్మవారి పేరు పెట్టుకున్నాం. ఆ పేరు తీసేస్తే అమ్మవారికి నేను ఏమి చెప్పను?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. మొక్కు విషయంలో సలహా చెప్పడం నా పనీ కాదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి కేసుల్లో తల్లిదండ్రుల అభ్యంతరం అంతా అజ్ఞానమనో పరువు పిచ్చి అనో మనం ముందే అనుకుంటాం. ఆమె అభ్యంతరం ఒక చనిపోయిన బిడ్డ గురించి. అది వినకుండా లింగ గుర్తింపు గురించి పాఠం చెప్పి ఉంటే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోయేది. ఆమె చెప్పింది విన్నాం. పేరు తీసేయడం లేదని, రికార్డులో ఉన్నది ఉన్నట్టే ఉందని రిజిస్టరు తెచ్చి చూపించాను. ఆ రాత చూశాకే ఆమె కాస్త తేరుకున్నారు.

దారి చూపింది నాయనమ్మ. ఆమెకు మేమెవరమూ చెప్పలేదు, తల్లే చెప్పారు. వాసు తండ్రికి రికార్డులో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు. ఊళ్లో ఆయన రికార్డు పేరు చెబితే ఇల్లు చూపించేవారే ఉండరు. "అమ్మవారి పేరు కాగితంలో ఉంది, ఉండనీ. పిలుపుది ఏముంది, ఎవరికి ఇష్టమైనట్టు వారు పిలుస్తారు" అని ఆవిడ తేల్చేశారట. వాసు అబ్బాయినని అంటున్నాడన్న సంగతిని ఆవిడ ఎంతవరకు ఒప్పుకున్నారో చెప్పలేను. పిలుపు విషయంలో మాత్రం ఇంట్లో గొడవ తగ్గింది.

చిన్నాన్న అంత తేలిగ్గా తగ్గలేదు. గాలి సోకిందని, భూతవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్తానని, లేదంటే ఇంట్లో ఉండనివ్వనని అన్నారు. ఆ రోజు నేను వారి ఇంటికి వెళ్లాను. కొట్టినా, నిప్పుతో చురకలు పెట్టించినా బాలల న్యాయ చట్టం 75వ సెక్షను కింద నేరమవుతుందని, ఫిర్యాదు చేసేది నేనే అవుతానని చెప్పాను. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను కన్నవారి నుంచి వేరు చేయడానికి వీల్లేదని, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప కుదరదని ట్రాన్స్‌జెండర్ చట్టం 12వ సెక్షను చెబుతుందని కూడా చెప్పాను. కోపంగా చెప్పలేదు, తగ్గించీ చెప్పలేదు. వైద్యుడే కావాలంటే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్దామన్నాను.

తల్లి, వాసు, టీచరు కలిసి వెళ్లారు. ఇది నయం చేయవలసిన జబ్బు కాదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల నుంచి తప్పించిందని డాక్టరు తల్లికి తెలుగులో ఓపికగా చెప్పారు. మార్చి చూపిస్తామని ఏ వైద్యుడైనా అంటే నమ్మవద్దని, అలాంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన తప్పుగా ప్రకటించిందని హెచ్చరించారు. నిద్ర, తిండి, దిగులు గమనిస్తూ ఉండమన్నారు. తెల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి ఆ మాట రావడం ఆ ఇంటికి అవసరమైంది. నేను వందసార్లు చెప్పినా ఆ బరువు వచ్చేది కాదు.

2024 సంక్రాంతికి తండ్రి వచ్చారు. బడికి వచ్చి నా ఎదుట చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. చివరికి అన్నది ఇంతే: "ప్యాంటు వేసుకోనివ్వండి మేడమ్. కాగితాల జోలికి పోవద్దు. పది పాసవ్వనీ." దానిని ఆయన సమ్మతిగానే రాసుకున్నాను, సంతకం తీసుకున్నాను. ఇష్టమైన ఆడపిల్లలు ప్యాంటు, చొక్కా వేసుకోవచ్చని, ఇంటి నుంచి ఒక ఉత్తరం చాలని మొత్తం పాఠశాలకు చెప్పాం. సైకిలు మీద వచ్చే మరి కొందరు కూడా మారారు.

పదో తరగతి, నామినల్ రోల్

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే. పదో తరగతి మార్కుల జాబితా మీద పడే పేరు జీవితాంతం వెంట వస్తుంది. పరీక్ష రాసే విద్యార్థుల జాబితా అయిన నామినల్ రోల్‌లో పేరు, లింగం ప్రవేశ రిజిస్టరులో ఉన్నట్టే ఉండాలి. బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లో లింగం దగ్గర మూడో గడి ఉందని వాసు ఎక్కడో చదివి వచ్చాడు. ఆ గడి ఉంది. దాన్ని నా అంతట నేను నొక్కలేనని, ఆధార్‌తో సరిపోవాలని చెప్పాను.

అప్పటికి ఉన్న మార్గం ఒకటే. తల్లిదండ్రులు జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్ ద్వారా కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. గుర్తింపు పత్రం వస్తే ట్రాన్స్‌జెండర్ చట్టం 7వ సెక్షను ప్రకారం జనన ధ్రువపత్రంలో, ఇతర రికార్డుల్లో పేరు మార్చుకునే హక్కు ఉంటుంది. తండ్రితో ఫోనులో ఆ సంగతంతా వివరించాను. ఆయన ఒప్పుకోలేదు. పద్దెనిమిది నిండాక తన ఇష్టమని, అప్పటిదాకా తాను చేయలేనని అన్నారు. ఆయన్ను ఒప్పించడానికి నేను మరోసారి ఫోను చేయలేదు. తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన అధికారం అది. అది నాకు నచ్చినప్పుడే చెల్లుతుందని అనలేను. నా మనసు వాసు వైపే ఉంది, ఆ సంగతి అతనితో దాచలేదు.

నామినల్ రోల్ మీద సంతకం పెట్టమన్నప్పుడు వాసు కలం కింద పెట్టి వెళ్లిపోయాడు. కొన్ని రోజులు బడికి రాలేదు. తల్లే నచ్చజెప్పి తీసుకొచ్చారు. ఆమె ఏమి చెప్పారో అడగలేదు. ఏడాది కిందట రిజిస్టరు చూసి కుదుటపడిన మనిషి, ఆ రోజు అదే రిజిస్టరు వల్ల నలుగుతున్న బిడ్డను చేయి పట్టుకొని తెచ్చారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక తండ్రి లేచి, "ఈ బడిలో ఆడపిల్లలను మగపిల్లలుగా మారుస్తున్నారట, నిజమేనా?" అని అడిగారు. వాసు తల్లి మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. ఏ పిల్ల గురించీ సభలో మాట్లాడనని ముందు చెప్పాను. తరువాత బడి పద్ధతి చెప్పాను: రికార్డులో పేరు గానీ లింగం గానీ తల్లిదండ్రులు, చట్టం చెప్పకుండా మారవు. ఏ పిల్లనూ పిల్లవాడినీ వారి రూపాన్ని, నడకను బట్టి ఎవరూ కించపరచరాదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షను మానసిక వేధింపును నిషేధించింది. ఉత్తరం ఇస్తే ప్యాంటు వేసుకోవచ్చు. విడి మరుగుదొడ్డి అందరిదీ. ఆయన కూర్చున్నారు. కమిటీ అధ్యక్షురాలు మధ్యాహ్న భోజనం బియ్యం సంగతి ఎత్తారు, సభ అటు మళ్లింది.

2025 మార్చి 17న పరీక్షలు మొదలయ్యాయి. హాల్ టికెట్ మీద ఆడపేరు, ఫొటోలో పొట్టి జుట్టు, ఎదురుగా ప్యాంటు వేసుకున్న అభ్యర్థి. ద్వారం దగ్గర ఎవరైనా గట్టిగా పేరు చదివి అనుమానం వ్యక్తం చేస్తే ఆ పరీక్ష అక్కడే పాడవుతుంది. అందుకే తల్లి అనుమతితో పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంటును ముందే కలిశాను. గుర్తింపు తనిఖీ ఒక మహిళా ఉపాధ్యాయిని పక్కకు పిలిచి చేసేలా, పేరు బిగ్గరగా చదవకుండా ఉండేలా ఆయన ఏర్పాటు చేశారు. కారణాలు తవ్వలేదు. మరో ప్రధానోపాధ్యాయుడికి ఇదే పరిస్థితి వస్తే నేను మొదట చెప్పేది ఈ ముందు జాగ్రత్త గురించే. దీనికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు.

ఇప్పటి స్థితి

వాసు ప్రథమ శ్రేణిలో పాసయ్యాడు. టీసీ, మార్కుల జాబితా పాత పేరుతోనే ఉన్నాయి. ఊరికి దూరంగా ఉన్న ఒక జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేరాడు. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో ఉండనన్నాడు, మగపిల్లల హాస్టల్లో చేర్చుకోరు. తల్లి అదే ఊళ్లో తమ చెల్లెలి ఇంట్లో ఉంచారు. రాకపోకలకు ఖర్చు ఎక్కువవుతోంది. హాస్టళ్ల విషయంలో నాకు ఏ పరిష్కారమూ కనబడలేదు. మా బడిలో మరుగుదొడ్డికి చేసినట్టు ఒక తాళం తీయించి తేల్చగలిగే సమస్య కాదది. ప్రభుత్వమే పూనుకోవాలి. కలెక్టరేట్లో జరిగిన ఒక సమీక్షలో ఈ మాట లేవనెత్తాను, రాతపూర్వకంగా కూడా ఇచ్చాను.

కొత్త కళాశాల ప్రిన్సిపాలుతో మాట్లాడమంటావా అని వాసును అడిగాను. ఇప్పుడే వద్దన్నాడు, అక్కడ నమ్మకస్తులు ఎవరో చూసుకొని తానే చెబుతానన్నాడు. ఫోను చేయలేదు.

మా బడి ప్రవేశ దరఖాస్తుతో పాటు ఇప్పుడు ఒక చిన్న చీటీ ఇస్తున్నాం. అందులో 'పిలుపు పేరు' అని ఒక గీత ఉంటుంది, అందరికీ ఉంటుంది. తల్లిదండ్రులు బుజ్జి, చంటి, పండు అని నింపుతారు. పెద్ద పిల్లలు తామే రాసుకుంటారు. రిజిస్టరుకు దానితో సంబంధం లేదు. గుర్తింపు పత్రం దరఖాస్తుకు కావలసిన కాగితాల నకళ్లన్నీ ఒక కవరులో పెట్టి వాసు తల్లికి ఇచ్చాను. పద్దెనిమిది నిండగానే సొంతంగా దరఖాస్తు చేస్తానని వాసు అంటున్నాడు. తండ్రి ఆ రోజుకు వస్తానన్నారని తల్లి చెప్పారు.